సూక్ష్మస్ఫటికములో బందీయైన కంపనము

మా ప్రసంగశాలల గోడలకు మెత్తని పలకలు అమర్చియుండుట చూచినవారు, అవి బయటి చప్పుడు లోనికి రాకుండుటకే అని తలచుచుందురు. అది కొంతవరకే నిజము. ఆ పలకలకు మరియొక పని కూడ కలదు. బోసిగోడలు గల చిన్నగదిలో కూర్చుండి ఒకరు మంద్రస్వరమున మాటలాడినచో, కొన్ని స్వరములు మాత్రము గదియంతయు నిండి గుమ్మనును. తక్కినవి మామూలుగనే వినబడును. మాటలాడువారి కంఠములో లోపమేమియు లేదు. గది తన కొలతలకు సరిపోవు తరంగములను మాత్రమే నిలుపుకొనుచున్నది. విశాలమైన మైదానములో ఏ తరంగమైనను తన దారిని తాను సాగిపోవును. నాలుగు గోడల నడుమ మాత్రము కొన్నింటికే చోటు. కనుక గదిలోని నాదమును శ్రద్ధగా వినువారికి గది ఎంత పెద్దదో చూడకయే తెలియును.

ఇపుడు ఆ గదిని కుదించుచు పోదము. గోడకును గోడకును నడుమ ఒక మీటరు కాదు, ఒక మిల్లీమీటరు కాదు. మూడు నాలుగు నానోమీటర్లు మాత్రమే ఉన్నవనుకొందము. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేయగా వచ్చిన ఒక భాగమే నానోమీటరు. అంతటి గదిలో గాలికి చోటు లేదు. అయినను నాదమున్నది. ఆ గది సిలికాన్ అను మూలకముతో ఏర్పడిన స్ఫటికపు కణిక. మన ఏటి ఇసుకలో ఆమ్లజనితో కలసియుండునదియు, నేటి గణనయంత్రములకు, చేతిఫోనులకు, సూర్యకాంతి పలకలకు ఆధారమైనదియు ఈ సిలికానే. మూడు నానోమీటర్ల వ్యాసము గల కణికలో ఉండు పరమాణువులు సుమారు 700 మాత్రమే. ఆ కొద్దిపాటి గుంపులో కంపనము నిజముగా బందీ అగుచున్నదా? అగుచున్నచో ఎట్లు తెలియును? తెలిసినదనుకొన్నది సత్యమేనని ఎట్లు రూఢి చేసికొందుము? ఈ మూడవ ప్రశ్నయే మా ప్రసంగమునకు ప్రాణము.

ముందుగా కంపనమును గూర్చి రెండు మాటలు. ఘనపదార్థములో పరమాణువులు కదలక మెదలక ఉండునని మనకు తోచును. వాస్తవమున అవి ఒకదానితో నొకటి స్ప్రింగులచే కట్టబడినట్లుండి ఎల్లప్పుడును ఊగులాడుచుండును. ఒకటి ఊగినచో ప్రక్కది ఊగును; ఆ ఊపు తరంగమై స్ఫటికమంతటను ప్రాకును. కాంతి ఎట్లు శక్తికణికలుగా వచ్చునో ఈ కంపనమును అట్లే నిర్ణీతమైన శక్తికణికలుగా ఇచ్చిపుచ్చుకొనబడును. ఈ భావమును 1930లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇగోర్ టామ్ ప్రతిపాదించెను. నాదమునకు గ్రీకు భాషలో గల పదమునుండి ఈ కణికకు 'ఫోనాన్' అను పేరు వచ్చినది. సిలికానులో వేడిని ఒకచోటినుండి మరియొకచోటికి మోసికొనిపోవునవి ముఖ్యముగా ఈ ఫోనానులే. వేలుగోరంత పలకపై కోట్లకొలది మీటలు అమర్చిన నేటి యంత్రములలో ఆ వేడి బయటపడని యెడల యంత్రమే చెడిపోవును. కనుక సన్నని సిలికానులో ఫోనాను ఎట్లు నడచుచున్నదన్న ప్రశ్న కేవలము పండితుల వినోదము కాదు.

సిలికాన్ స్ఫటికములో పరమాణువులు జంటలు జంటలుగా పేర్చబడియుండును. కోలాటమును తలచుకొనుడు. ఎదురెదురుగా నిలచిన ఇద్దరు ఒకరినొకరు సమీపించి కోలలు తాకించి వెనుకకు తగ్గుచుందురు. వరుసలోని జంటలన్నియు ఒకే క్షణమున కోలలు తాకించినచో అది ఒక రకపు ఆట. మొదటి జంట తాకించిన పిమ్మట కొంత ఆలస్యముగా రెండవది, మరికొంత ఆలస్యముగా మూడవది తాకించుచు పోయినచో అది వేరొక రకము. సిలికానులో జంటలోని రెండు పరమాణువులును ఒకదానికొకటి ఎదురుగా ఊగు కంపనము ఇట్టిదే. జంటలన్నియు ఒక్కసారిగా ఊగునప్పుడు దాని వేగము అన్నిటికంటె ఎక్కువ. సెకనుకు సుమారు 15.6 లక్షల కోట్ల సార్లు. జంటకును జంటకును నడుమ ఆలస్యము పెరిగినకొలది ఆ వేగము తగ్గుచు వచ్చును. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. తరువాతి కథయంతయు దీనిమీద నిలచియున్నది.

ఇంత వేగమైన ఊగులాటను వినగల చెవి ఏది? ఆ చెవి మన దేశముననే పుట్టినది. 1928వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్, ఆయన సహచరుడు కె. ఎస్. కృష్ణన్ కనుగొనిన ఫలితమే అది. ఒకే రంగు కాంతిని పదార్థముపై ప్రసరింపజేసినచో, చెదరి వచ్చిన కాంతిలో మిక్కిలి భాగము అదే రంగుగా ఉండును. అత్యల్పభాగము మాత్రము రంగు మారి వచ్చును. కాంతి తన శక్తిలో కొంత పదార్థములోని కంపనమునకు సుంకముగా చెల్లించి వెలువడుటయే దీనికి కారణము. ఎంత సుంకము చెల్లించెనో కొలిచినచో లోపలి కంపనము ఎంతటిదో తెలియును. బాల్యమున విశాఖపట్టణములో చదివిన రామన్‌కు ఈ పరిశోధనకై 1930లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన శిష్యుడును, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యుడును అయిన సూరి భగవంతం గారు 1940లో కాంతి పరిక్షేపణమును, రామన్ ఫలితమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. ఏ స్ఫటికములో ఏ కంపనము ఈ పద్ధతికి కనబడునో, ఏది కనబడదో సౌష్ఠవ గణితముచే నిర్ణయించు గ్రంథమును ఆయనయు, టి. వేంకటరాయుడు గారును కలసి 1948లో వెలువరించిరి. నేడు సిలికాన్ కణికలను పరీక్షించువారు వాడు మొదటి పనిముట్టు ఈ రామన్ ఫలితమే.

ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగములు ఇముడునో ఆ సంఖ్యతో కాంతిని కొలుచుట వర్ణపట శాస్త్రజ్ఞుల ఆచారము. దానిని తరంగసంఖ్య అందురు. పెద్ద సిలికాన్ స్ఫటికముపై లేజరు కాంతిని ప్రసరింపజేసినచో, 520 తరంగసంఖ్యల సుంకము చెల్లించిన ఒకే ఒక రేఖ పదునుగా కనబడును. గది ఉష్ణోగ్రతలో దాని వెడల్పు సుమారు 3 తరంగసంఖ్యలు. స్ఫటికములో ఇన్ని రకముల కంపనములుండగా ఒక్కటే ఏల కనబడవలెను? దీనికి సమాధానము కొలతలలో ఉన్నది. ఆకుపచ్చని కాంతి యొక్క తరంగదైర్ఘ్యము సుమారు 500 నానోమీటర్లు. సిలికాన్ స్ఫటికములో పరమాణువుల అమరిక 0.543 నానోమీటరుకు ఒకమారు పునరావృత్తమగును. అనగా కాంతితరంగము ఒక్కటి వందలకొలది జంటలమీదుగా పరుచుకొనియుండును. అంతటి విశాలదృష్టి గల కాంతికి, జంటలన్నియు ఒక్కసారిగా ఆడు కోలాటము తప్ప, జంటకొక ఆలస్యముతో ఆడునది కనబడదు. అందుచే 520 వద్ద నున్న ఆ ఒక్క రేఖయే వచ్చుచున్నది.

కణిక చిన్నదైనపుడు ఈ నియమము సడలును. దీనిని మా వృత్తిలోని ఒక అనుభవముతో చెప్పవచ్చును. తంబుర శ్రుతిని ముద్రించి నిమిషముపాటు వినిపించినచో అది ఏ శ్రుతియో సంగీతజ్ఞులు వెంటనే చెప్పుదురు. ఆ ముద్రణములోనుండి సెకనులో వందవ వంతును మాత్రము కోసి వినిపించినచో ఎవరును చెప్పలేరు. అది 'టక్' మను చప్పుడుగా మాత్రమే వినబడును. నాదము ఎంత పొట్టిదైన, దాని శ్రుతి అంత అనిశ్చితము. కాలములో కత్తిరించిన నాదమునకు పట్టిన గతియే స్థలములో కత్తిరించిన తరంగమునకు పట్టును. నాలుగైదు జంటల దూరములో ముగిసిపోవు తరంగమునకు 'అన్నియు ఒక్కసారిగా' అను ఒకే స్వభావము నిలువదు. ఆలస్యము గల కంపనములు కూడ అందులో కలసిపోవును. వాటి వేగము తక్కువయని ఇంతకుముందే చెప్పియుంటిమి. కావున రామన్ రేఖ 520నుండి క్రిందికి జరుగును, వెడల్పగును, ముఖ్యముగా తక్కువ సంఖ్యల వైపునకు ఒక తోకవలె సాగి అసమానమైన ఆకారము దాల్చును. జరుగుట, వెడల్పగుట, వంకరగుట అను ఈ మూడును కలసి ఫోనాన్ నిర్బంధమునకు గుర్తులు.

ఈ గుర్తులను 1981లో రిక్టర్, వాంగ్, లే అను ముగ్గురు శాస్త్రజ్ఞులు గణితరూపమున వివరించిరి. 1986లో కాంప్‌బెల్, ఫాషే అను ఇరువురు దానిని గుండ్రని కణికలకు, సన్నని తీగలకు, పలుచని పొరలకు వేరువేరుగా విస్తరింపజేసిరి. కంపనము కణిక నడుమ బలముగా ఉండి అంచువద్దకు తగ్గిపోవునని ఊహించి, రేఖ యొక్క ఆకారమును లెక్కించు పద్ధతి ఇది. తరువాత వచ్చిన మరియొక లెక్క బంధముల స్వభావమునుండి బయలుదేరినది. దాని ప్రకారము పది నానోమీటర్ల కణికలో రేఖ ఒక తరంగసంఖ్య కూడ జరుగదు. అయిదు నానోమీటర్లలో సుమారు 2, మూడు నానోమీటర్లలో సుమారు 4, రెండు నానోమీటర్లలో సుమారు 7 తరంగసంఖ్యలు జరుగును. 520లో నాలుగు! నూటికి ఒకటైనను కాదు. ఈ స్వల్పమైన జరుగుబాటుమీదనే అంతటి నిర్ణయము ఆధారపడియున్నది.

ఆ నిర్ణయమునకు ఒకప్పుడు గొప్ప ప్రాధాన్యము కలిగినది. సాధారణ సిలికాన్ కాంతిని వెలువరించుటలో బహు బలహీనము. 1990లో ఇంగ్లండు దేశమున లీ కేనమ్ అను శాస్త్రజ్ఞుడు సిలికానును హైడ్రోఫ్లూరిక్ ఆమ్లములో విద్యుత్తుచే తొలిచి, తేనెపట్టువలె రంధ్రములతో నింపి, అది కంటికి కనబడు ఎఱ్ఱని కాంతిని చిమ్మునని చూపెను. మిగిలిన గోడలు నానోమీటర్ల సన్నమై, ఎలక్ట్రానులు వాటిలో బందీలగుటయే కారణమని ఆయన వాదించెను. కాదు, తొలుచునపుడు ఉపరితలముమీద ఏర్పడిన రసాయనపదార్థమే వెలుగుచున్నదని 1992లో మరికొందరు వాదించిరి. ఇరుపక్షములకును ముందుగా కావలసినది ఒక్కటే: ఆ గోడలు నిజముగా ఎంత సన్నము? రామన్ రేఖను సాక్షిగా పిలిచిరి. రేఖ జరిగియున్నది, వంకరగను ఉన్నది. కాని సాక్షి చెప్పినదంతయు సత్యమని ఏ న్యాయాధిపతియు వెంటనే తీర్పు చెప్పడు. ప్రశ్నించి చూడవలెను.

మొదటి అనుమానము వేడిమీద. ఏ పదార్థమైనను వేడెక్కినచో దానిలోని బంధములు కొంత సడలి కంపనవేగము తగ్గును. సిలికాన్ రేఖ ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.02 తరంగసంఖ్య చొప్పున క్రిందికి జరుగును. అనగా కణిక 200 డిగ్రీలు వేడెక్కినచో, నిర్బంధము ఏమియు లేకున్నను, మూడు నానోమీటర్ల కణిక చూపవలసిన జరుగుబాటే కనబడును. ఆ వేడి ఎక్కడనుండి వచ్చును? పరీక్షకై మనము వేసిన లేజరు కాంతినుండియే. పెద్ద సిలికాన్ పలకపై కాంతి పడినచో ఆ వేడి నలువైపులకు పారిపోవును. రంధ్రమయమైన సిలికానులోను, వదులుగా రాశిపోసిన పొడిలోను కణికకును కణికకును నడుమ సరియైన దారి లేదు, వేడి చిక్కుకొనిపోవును. చీకటిగదిలో వస్తువును చూచుటకు తెచ్చిన దీపమే దానిని మాడ్చివేయుచున్నట్లున్నది ఈ స్థితి. సిలికాన్ నానోతీగలను పరీక్షించుచు 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు, లేజరు శక్తి పెరిగినకొలది రేఖ జరుగుబాటును, వంకరయు పెరుగునని చూపి, వేడిని లెక్కింపక తీగల సన్నదనమును నిర్ణయించుట ప్రమాదమని హెచ్చరించిరి. తీగయంతయు ఒకే విధముగా వేడెక్కకపోవుటచే వంకర కూడ వేడివలన రావచ్చును. కనుక వంకరను చూచి నిర్బంధమే అని తీర్మానింపరాదు.

ఈ అనుమానమును తీర్చుటకు రెండు మార్గములు కలవు. మొదటిది మిక్కిలి సులువైనది. లేజరు శక్తిని మెట్లు మెట్లుగా తగ్గించుచు ప్రతి మెట్టువద్దను రేఖను కొలువవలెను. కొలతలను కాగితముపై గుర్తించి, శక్తి సున్నయైనచో రేఖ ఎక్కడ ఉండునో గీతను పొడిగించి చూడవలెను. వేడివలన కలిగిన భాగము సున్నవద్ద తొలగిపోవును. కణిక సూక్ష్మతవలన కలిగినది మాత్రమే మిగులును. రెండవ మార్గము కణికనే ఉష్ణమాపకముగా వాడుట. కాంతి కంపనమునకు సుంకము చెల్లించుటయే కాక, అప్పటికే ఊగుచున్న కంపనమునుండి శక్తిని పుచ్చుకొని కూడ వెలువడవచ్చును. మొదటిదానిని స్టోక్స్ రేఖ యనియు, రెండవదానిని ప్రతిస్టోక్స్ రేఖ యనియు అందురు. గది ఉష్ణోగ్రతలో సిలికానుకు ఈ రెండవ రేఖ మొదటిదానిలో సుమారు పదియవ వంతు బలము మాత్రమే కలిగియుండును. వేడి పెరిగినకొలది ఆ నిష్పత్తి పెరుగును. కావున రెండు రేఖల బలములను పోల్చినచో, కాంతి పడిన చోటనే కణిక ఎంత వేడిగా ఉన్నదో కణికయే చెప్పును.

రెండవ అనుమానము ఒత్తిడిమీద. బిగించిన తీగ హెచ్చు స్వరము పలుకునట్లు, నలువైపులనుండి నొక్కబడిన సిలికాన్ హెచ్చు వేగముతో కంపించును. వాయుమండలపు ఒత్తిడికి సుమారు పదివేల రెట్లు ఒత్తిడి కలిగినచో రేఖ 5 తరంగసంఖ్యలు పైకి జరుగును. సిలికాన్ కణికలను తయారుచేయు ప్రసిద్ధమార్గములలో ఒకటి, సిలికాన్ ఎక్కువగా కలిపిన గాజువంటి ఆక్సైడును వేయి డిగ్రీలకు పైగా కాచుట. ఆక్సైడులో పుట్టి పెరిగిన కణికను చుట్టునున్న ఆక్సైడు నొక్కిపట్టును. అపుడు నిర్బంధము రేఖను క్రిందికి లాగుచుండగా ఒత్తిడి పైకి త్రోయును. రెండును సరిసమానమైనచో రేఖ 520వద్దనే నిలచి, ఏమియు జరుగనట్లే కనబడును! మొదటి అనుమానము లేని నిర్బంధమును ఉన్నట్లు చూపగా, ఇది ఉన్న నిర్బంధమును లేనట్లు చూపుచున్నది. దీనికి మందు, కణికలను చుట్టియున్న ఆక్సైడును ఆమ్లముచే కరగించి, విడివడిన కణికలను మరల కొలుచుట. ఒత్తిడి తొలగినపుడు రేఖ ఎంత క్రిందికి దిగునో చూచినచో ఏ భాగము దేనిదో తేలును.

మూడవ అనుమానము కల్తీమీద. పరమాణువులు క్రమము తప్పి పేరుకొనిన సిలికానును అస్ఫటిక సిలికాన్ అందురు. అది 480 తరంగసంఖ్య చుట్టును వెడల్పైన దిబ్బవంటి వర్ణపటము నిచ్చును. స్ఫటికములతో కొంత అస్ఫటికము కలసియున్నచో ఆ దిబ్బ 520 రేఖ యొక్క ఎడమప్రక్కన చేరి, నిర్బంధపు తోకవలె భ్రమింపజేయును. కనుక ముందుగా ఆ దిబ్బను వేరుచేసి తీసివేయవలెను. ఇతర మూలకములను దట్టముగా కలిపిన సిలికానులో కూడ రేఖ వంకరపోవును. దానికి కారణము వేరు. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఒక పాత్రలోని కణికలన్నియు ఒకే కొలతవి కావు. బియ్యములో నూకలున్నట్లు మూడు నానోమీటర్లవాటితో అయిదువి, ఎనిమిదివి కలసియుండును. పెద్ద కణికలో పరమాణువులు ఎక్కువ కనుక అది చేయు చప్పుడును ఎక్కువ. అందరి మాటలను కలిపి వినిన సగటును ఒక్కని మాటగా భావించినచో పొరపాటు తప్పదు.

అందుచే కణికల కొలతను రామన్ రేఖతో సంబంధము లేని మార్గముచే ముందుగానే తెలిసికొనవలెను. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద సిలికాన్ పరమాణువుల వరుసలు గీతలవలె కనబడును. వందలకొలది కణికలను ఒక్కొక్కటిగా కొలిచి ఏ కొలతవి ఎన్ని ఉన్నవో పట్టిక వ్రాయవచ్చును. ఎక్స్‌కిరణములను ప్రసరింపజేసినచో, కణిక చిన్నదైనకొలది వివర్తన రేఖ వెడల్పగును. 1918లో షెరర్ అను శాస్త్రజ్ఞుడు చూపిన ఈ సంబంధము నేటికిని వాడుకలో ఉన్నది. మొదటిది కొద్ది కణికలను ప్రత్యక్షముగా చూచును. రెండవది కోట్లకొలది కణికల సగటును చెప్పును. ఈ రెండును ఒప్పుకొనిన కొలతను తీసికొని, ఆ కొలతకు రేఖ ఎక్కడ ఉండవలెనో లెక్కించి, చూచినదానితో పోల్చవలెను. రేఖనుండి కొలతను ఊహించి, ఆ కొలతతోనే రేఖను సమర్థించుట తన నీడను తానే సాక్ష్యమునకు పిలుచుటవంటిది.

ఇక అన్నిటికంటె చక్కని సాక్ష్యమొకటి కలదు. గుడిలోని పెద్దగంట గంభీరముగా మ్రోగును. నర్తకి కాలిమువ్వ సన్నగా మ్రోగును. లోహము ఒక్కటే అయినను చిన్నదాని స్వరము హెచ్చు. సాగుగుణము గల గోళము ఎట్లు మ్రోగునో ఇంగ్లీషు గణితజ్ఞుడు హొరేస్ లాంబ్ 1882లోనే లెక్కించియుండెను. సిలికాన్ కణిక కూడ ఒక గంటయే. అది మొత్తముగా ఉబ్బుచు తగ్గుచు, సాగుచు ముడుచుకొనుచు ఊగును. ఈ ఊగులాట 520 వద్ద కాదు; లేజరు రేఖకు మిక్కిలి దగ్గరగా, కొన్ని పదుల తరంగసంఖ్యలలో కనబడును. వ్యాసము సగమైనచో స్వరము రెట్టింపగును. అయిదు నానోమీటర్ల కణిక ఉబ్బి తగ్గు కంపనము సుమారు 45 తరంగసంఖ్యల వద్ద ఉండునని శబ్దవేగమునుండి లెక్కకట్టవచ్చును. 1986లో ద్యువాల్, ఆయన సహచరులు గాజులోని సూక్ష్మస్ఫటికములలో ఇట్టి కంపనమును రామన్ పద్ధతిచే చూచిరి. 1996లో జపాను దేశమున కోబే విశ్వవిద్యాలయములో మినోరు ఫుజీ, ఆయన సహచరులు సిలికాన్ నానోస్ఫటికములలోనే దీనిని కనుగొని, కణిక చిన్నదైనకొలది స్వరము హెచ్చుచున్నదని చూపిరి. ప్రచండమైన లేజరు రేఖ ప్రక్కనే ఉన్న ఈ మంద్రస్వరమును వినుట, రథోత్సవపు కోలాహలములో ప్రక్కవాని గుసగుసను వినుటవంటిది. లేజరు రేఖను మాత్రమే వడకట్టి తీసివేయు జల్లెడలచే అది సాధ్యమగుచున్నది.

ఈ రెండు సాక్ష్యములలోని విశేషమును గమనింపుడు. కణిక చిన్నదైనచో 520 వద్దనున్న రేఖ క్రిందికి దిగును. గంటవంటి కంపనము పైకి ఎక్కును. వేడి మాత్రము రెండింటిని కూడ క్రిందికే లాగును. వేడి ఒకదానిని దింపి మరియొకదానిని ఎక్కింపజాలదు. కనుక ఒకే కణికల రాశిలో రెండు రేఖలును ఎదురెదురు దిశలలో నడచి, రెండును ఒకే కొలతను సూచించి, ఆ కొలత సూక్ష్మదర్శినిలో చూచినదానితో సరిపోయినచో, నిర్బంధము నిజమని ధైర్యముగా చెప్పవచ్చును. మూడు దారులు ఒకే ఊరికి చేరినపుడు ఊరు ఉన్నదని నమ్మవచ్చును కదా.

కాంతి కాక వేరు పనిముట్లు లేవా? కలవు. జంటల ఆలస్యము పెరిగినకొలది కంపనవేగము ఎట్లు తగ్గునో తెలిపిన వక్రరేఖను సిలికానుకు 1959లో కెనడా దేశమునందలి చాక్‌రివరులో బెర్ట్రామ్ బ్రాక్‌హౌస్ న్యూట్రానులచే కొలిచెను. అంతకు ముందటి ఏట జెర్మేనియముపై ఆయనతో కలసి పనిచేసినవారు, తరువాత మన అణుశక్తి సంఘమునకు అధ్యక్షులైన పి. కె. అయ్యంగార్. బ్రాక్‌హౌస్‌కు 1994లో నోబెల్ బహుమానము లభించినది. ఈ వక్రరేఖ లేనిచో పైన చెప్పిన లెక్కలేవియు సాగవు. న్యూట్రానులు కాంతివలె ఒక్క కోలాటమునే కాక అన్ని ఆటలను చూడగలవు. కాని వాటికి పదార్థము చాల కావలెను. ఒకటి రెండు కణికలతో పని జరుగదు. ఇందుకు భిన్నమైనది ఎలక్ట్రాను పుంజము. సూదిమొనకంటె ఎన్నో రెట్లు సన్నని పుంజముతో ఒకే కణిక వద్ద కంపనమును చూచుట ఇటీవల సాధ్యమైనది. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలోని పరిశోధకులు, సిలికాన్ జెర్మేనియముల మిశ్రమకణిక ఒక్కదానిలో ఫోనానులు అంచువద్ద ఎట్లు మారుచున్నవో చిత్రములుగా చూపిరి.

ఇచట ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. పెద్ద సిలికానుతో పోల్చినచో 22 నానోమీటర్ల తీగలో వేడి ప్రసరణము పదవ వంతునకు కూడ దిగువకు పడిపోవునని 2003లో బర్కిలీ పరిశోధకులు కొలిచి చూపిరి. వేడిని విద్యుత్తుగా మార్చు పరికరములకు ఇది వరము, గణనయంత్రములకు శాపము. ఫోనాన్ నిర్బంధమే దీనికి కారణమని తొందరపడి చెప్పువారు కలరు. కాని అందులో ముఖ్యభాగము ఫోనానులు గోడలకు తగిలి చెదరుటవలన కలిగినది. ఇరుకుసందులో జనులు గోడలకు తగులుచు మెల్లగా నడచుట వేరు. గదిలో కొన్ని స్వరములకే చోటుండుట వేరు. మొదటిదానిలో ఫోనాను స్వభావము మారదు, నడక మాత్రమే కుంటుపడును. రెండవదానిలో ఫోనానే మారును. ఈ భేదమును విస్మరించి యంత్రమును నిర్మించినచో, లెక్క ఒకచోట, వేడి మరియొకచోట ఉండును.

రామన్ కాలమున పరిశోధకుడు చీకటిగదిలో గంటలకొలది ఛాయాచిత్రపు పలకను కాంతికి పెట్టి మసకరేఖకై వేచియుండెడివాడు. నేడు అదే రేఖ క్షణములలో తెరపై కనబడును. రేఖను చూచుట సులువైనది. రేఖ చెప్పిన మాటను నమ్ముటయే కష్టమైనది. నాలుగు తరంగసంఖ్యల జరుగుబాటునకు నాలుగు కారణములుండగా, తనకు ప్రియమైనదానిని ఎన్నుకొనుట మనుష్యస్వభావము. ఆ స్వభావమును అదుపులో ఉంచుటకే దీపమును తగ్గించి చూచుట, ఆక్సైడును కరగించి చూచుట, సూక్ష్మదర్శినితో లెక్కించుట, గంట స్వరమును వినుట. ఇన్ని పరీక్షలకు నిలచి ఇంకను మిగిలిన జరుగుబాటునకే ఫోనాన్ నిర్బంధము అను పేరు తగును.

మా ప్రసంగశాలలో కూడ ఇదియే నియమము. యంత్రములో గుమ్మను చప్పుడు వినబడినపుడు, అది గదిదా, తంత్రులదా, మాటలాడువారి కంఠముదా అని ఒక్కొక్కదానిని ఆపి చూడనిదే ఎవరినిగాని, దేనినిగాని నిందింపము. ఏడువందల పరమాణువుల గదికైనను, ఏడడుగుల గదికైనను వినువారి ధర్మము ఒక్కటే.